మూత లేని లెన్సు

"దీన్ని బియ్యం డబ్బాలో పెట్టిన్రా?"

ఆరాధన ఆ ఇంట్లో అడుగుపెట్టాక అడిగిన మొదటి ప్రశ్న అది. పలకరింపు లేదు, మంచినీళ్ళ ఊసు లేదు. వసారాలో మంచం అంచున కూర్చుని, ఒక కన్ను మూసి, లెన్సులోకి ఫోన్ టార్చి వేసి చూస్తోంది. ఎదురుగా నిలబడ్డ జస్టిన్‌కు తనకే ఏదో ఎక్స్‌రే తీస్తున్నట్టుంది.

"అవ్. తేమ పట్టకుండా పెట్టిన. యూట్యూబ్‌లో చెప్పిండ్రు."

"తవుడుతోటే పెట్టమని చెప్పిండ్రా? రింగు తిప్పితే కరకరమంటుంది వినండి."

"అది ఫోకస్ సౌండండీ."

"ఫోకస్ సౌండ్ కాదు, సన్నబియ్యం సౌండ్."

లోపలినుంచి ముసలి గొంతు ఒకటి కిసుక్కున నవ్వింది. జస్టిన్ నాయనమ్మ ఆరోగ్యమ్మ గడప దాటి వచ్చి, పిల్లను ఎగాదిగా చూసి, మంచానికి ఆ చివర కూర్చుంది. అమ్మానాన్నలు దమ్మపేటలో టిఫిన్ హోటల్ నడుపుతారు కాబట్టి పగలంతా ఆ ఇంటికి ఆమే యజమాని.

జస్టిన్ ఆ లెన్సును పిట్టల కోసం కొన్నాడు. ఇల్లు దాటి పామాయిల్ తోట దాటితే అడవే. ఒక ఏడాది పాటు అడవిలో పిట్టల వెంట తిరిగాడు. తర్వాత పామాయిల్ నర్సరీలో సూపర్‌వైజర్ ఉద్యోగం వచ్చింది. పిట్టలు లేచే వేళకు డ్యూటీకి పోవాలి, అవి గూటికి చేరాక ఇంటికి రావాలి. అంతటితో పిట్టల పిచ్చి బండి తాళాల గుత్తికి వేలాడే ఇత్తడి పిట్ట దగ్గర ఆగిపోయింది. కెమెరా, లెన్సు, స్టాండు, బ్యాగు అన్నీ కలిపి ఆన్‌లైన్‌లో అమ్మకానికి పెట్టాడు.

ఆరాధన పెనుబల్లి నుంచి స్కూటీ మీద వచ్చింది. సత్తుపల్లిలో భాను స్టూడియోలో పని చేస్తుంది. పని అంటే, పెళ్ళిళ్ళలో పెళ్ళికూతురి కొంగు సర్దడం, లైటు పట్టుకోవడం, "నవ్వండి అక్కా" అనడం. ఫొటో తీసేది భాను. చిన్నప్పటి స్నేహితురాలు స్టెల్లా ఈమధ్యే ఆమెతో, "నా పెళ్ళి ఫొటోలు నువ్వే తియ్యాలె, ఆల్బం మీద నీ పేరే ఉండాలె" అంది. ఆరాధనకు అది సొంత పేరు మీద మొదటి బుకింగు.

చిక్కల్లా పెళ్ళి జరిగే కల్లూరు చర్చిలో, వాళ్ళ మాటలో గుడిలో, ఫాదర్ గారితో వచ్చింది. పెళ్ళి పూజ జరుగుతుండగా ఒక ఫొటోగ్రాఫర్ పీఠం దాకా ఎక్కి, "ఫాదర్, ఒన్ మోర్" అని ఉంగరాలు మళ్ళీ తొడిగించబోయాడట. ఆనాటి నుంచి ఆయన గుడి మధ్యలో, బెంచీల వరసల నడుమ రెండు పూలకుండీలు పెట్టిస్తున్నారు. ఫొటోగ్రాఫర్ అవి దాటకూడదు. ఫ్లాష్ కొట్టకూడదు. అంత దూరం నుంచి, అంత మసక వెలుతురులో పని జరగాలంటే ఇంత పెద్ద లెన్సూ కావాలి, చెయ్యి వణక్కుండా దాన్ని నిలబెట్టే స్టాండూ కావాలి.

స్టెల్లా నాన్న ముందే చెప్పేశాడు. సామాన్లు సిద్ధంగా లేకపోతే భానుకే ఇచ్చేస్తానని. భాను కూడా నవ్వుతూనే అన్నాడు: "నీ కిట్టు సెట్టయితే నీ పేరు. కాకుంటే నా పేరు, కొంగు దగ్గర నువ్వు."

ఆ ఉదయమే గుడిలో స్టెల్లా పెళ్ళి మొదటి చాటింపు చదివారు. ఫలానా అబ్బాయికీ ఫలానా అమ్మాయికీ పెళ్ళి, ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పండి అని ఫాదర్ గారు వరసగా మూడు ఆదివారాలు పూజలో చదువుతారు. మూడు వారాలూ ఎవరూ నోరెత్తకపోతే పెళ్ళికి తలుపులు తెరిచినట్టే. మూడో చాటింపు తర్వాత వచ్చే మంగళవారమే ముహూర్తం.

"తియ్యండి ఒక ఫొటో. అప్పుడు చెప్పండి సన్నబియ్యమో దొడ్డుబియ్యమో," అన్నాడు జస్టిన్.

ఆరాధన తన మెమరీ కార్డు తీసి కెమెరాలో పెట్టింది. సెకండ్ హ్యాండ్ సామాను చూడ్డానికి పోయేవాళ్ళు తమ కార్డు తామే తీసుకుపోతారు. తీసిన ఫొటో ఇంటికి తెచ్చుకుని, పెద్ద స్క్రీన్ మీద పెట్టి మరీ లోపాలు వెతకొచ్చు. ఈ సంగతి జస్టిన్‌కు తెలియక కాదు, ఆ క్షణంలో గుర్తుకు రాలేదు. ఆమె కెమెరా ఎత్తినప్పుడు నుదుటి మీద జుట్టు ఒక పాయ జారింది. దాన్ని ఊదుకుంటే అది మళ్ళీ అక్కడే పడింది. అతని బుర్రలో వేరే సంగతులకు చోటు మిగల్లేదు.

ఆరోగ్యమ్మను మంచం మీద కూర్చోబెట్టి నాలుగు తీసింది. ముడతలన్నీ లెక్కపెట్టేంత స్పష్టంగా వచ్చాయి. ఆరాధన పెదవి విరిచి, "పర్లేదు" అంది. సెకండ్ హ్యాండ్ బేరాల్లో నచ్చిందనడానికి వాడే మాట అదే కాబట్టి జస్టిన్‌కు అర్థమైంది. ధర దగ్గర పెద్ద పేచీ రాలేదు.

"మిగిలినవి? స్టాండు, హుడ్డు, బ్యాగు, చార్జరు? లెన్సుకు మూత కూడా లేదు."

ఇక్కడ జస్టిన్ ఒక్క క్షణం ఆగాడు. అన్నీ ఇచ్చేస్తే ఈ పిల్ల స్కూటీ ఎక్కుతుంది, దుమ్ము లేస్తుంది, కథ అయిపోతుంది.

"ఇంట్లోనే ఎక్కడో ఉన్నయండి. వెతకాలె. వచ్చే ఆదివారం వస్తే అన్నీ తీసి పెడత."

"చార్జరు కూడా వెతకాలెనా?"

"చార్జరు ఇప్పుడే ఇస్త," అన్నాడు, మరీ దుర్మార్గుడు కానని నిరూపించుకుంటూ. మూత బదులు తన కర్చీఫు తీసి లెన్సు ముఖానికి కప్పి, రబ్బరు బ్యాండు వేశాడు. "ఉతికిందే."

ఆరాధన కర్చీఫును ముక్కు దగ్గరికి తెచ్చుకుని వాసన చూసింది. "సబ్బు మంచిగనే ఉంది," అని బండెక్కింది.

*

రెండో ఆదివారం రెండో చాటింపు విని, పలావు తినీ తినకుండా ఆరాధన మళ్ళీ వచ్చింది.

వసారాలో మజ్జిగ కుండ కింద నల్లగా ఏదో పూలరేకుల అంచుతో కనిపించింది. వంగి చూసింది. లెన్సు ముందు తగిలించే హుడ్డు. దాని మీద కుండ కుదురుగా, ఠీవిగా కూర్చుని ఉంది.

"ఇదేందండీ?"

"నాయనమ్మ కుదురనుకుని వాడేసినట్టుంది. పెద్దావిడ కదా, ఏమనలేం," అన్నాడు జస్టిన్ అమాయకంగా.

"నేనా?" అని ఆరోగ్యమ్మ అందుకోబోయింది. "నా కొబ్బరిపీచు కుదురు మంచిగుండె గదరా, నువ్వే..."

"నాయనమ్మా, పొయ్యి మీద పాలు పొంగుతున్నయ్."

పొయ్యి మీద పాలు లేవు. అయినా ఆమె లేచి వెళ్ళింది.

పెరట్లో చిక్కుడు పాదు ఉంది. దానికి ఊతగా మూడు కాళ్ళు చాపి నిలబడింది ట్రైపాడ్ స్టాండు. ఆరాధన నడుం మీద చేతులు పెట్టుకుంది.

"పోయిన ఏడాది నుంచి ఇట్లనే ఉంది," అని జస్టిన్ విచారంగా చెప్పాడు. "నేనే మర్చిపోయిన. తీగకు ఆసరా తీసేస్తే పాపం కదా అని ఊకున్న."

"మీకు తీగల మీద కూడా జాలేనా?"

"పిట్టలు, తీగలు, స్కూటీ మీద దూరం నుంచి వచ్చేవాళ్ళు. అందరి మీదా ఉంటది."

ఆమె నవ్వు ఆపుకోవడానికి స్టాండు విప్పే పనిలో పడింది. తీరా విప్పి చూస్తే నెత్తిన ఉండాల్సిన ప్లేటు లేదు. లెన్సు కింద బిగించి స్టాండు మీద కూర్చోబెట్టే చిన్న చదరపు లోహపు ముక్క అది. అది లేకపోతే స్టాండు స్టాండుగా ఉంటుంది, కెమెరా కెమెరాగా ఉంటుంది, రెండిటికీ సంబంధం కుదరదు.

"ప్లేటు?"

"వచ్చే ఆదివారం," అన్నాడు జస్టిన్. "కచ్చితంగా."

"ఆ తెల్లారి కాక ఆ మర్నాడే పెళ్ళి. ఈ కంపెనీ ప్లేటు ఖమ్మంలో కూడా దొరకదంట, అడిగిన."

"నాది పూచీ."

ఆరోగ్యమ్మ ఇచ్చిన మజ్జిగ తాగి, పెరట్లోని చిక్కుడుకాయలు సంచిలో పోయించుకుని ఆరాధన బయల్దేరింది. సత్తుపల్లి దాటేదాకా ఆ పూలరేకుల కుదురు గుర్తొచ్చి హెల్మెట్ లోపల ఒక్కతే నవ్వుకుంటూనే ఉంది.

ఇంటికి పోయి, స్టాండుకు అంటిన మట్టి తుడుస్తుంటే ఒక సంగతి తట్టింది. చిక్కుడు తీగ ఏది దొరికితే దానికి చుట్టుకుంటుంది. ఏడాదిగా నిలబడ్డ స్టాండుకు ఒక్క నులితీగా చుట్టుకోలేదు. తీగను దారంతో కట్టారు. ఆ దారం కూడా తెల్లగా, కొత్తగా ఉంది.

ఆరాధన కంప్యూటర్ తెరిచింది. మొదటి ఆదివారం తీసిన నాలుగు ఫొటోల్లో ఒకదాన్ని పెద్దది చేసింది. ఆరోగ్యమ్మ మొహం వెనక అంతా మసక. అయితే మసకలో కూడా మజ్జిగ కుండ కింద కొబ్బరిపీచు కుదురు తెలుస్తూనే ఉంది. తెరిచిన తలుపులోంచి లోపలి గోడకు మేకు, మేకుకు కెమెరా బ్యాగు, బ్యాగుకు కట్టి మూడు కాళ్ళ స్టాండు. అన్నీ ఒకే చోట, పెళ్ళికి బట్టలు సర్దుకున్నట్టు పొందికగా ఉన్నాయి.

"వెతకాలెనా," అంది స్క్రీన్‌తో. "జాలేనా."

కోపం రావాలి కదా అని కాసేపు ఎదురు చూసింది. రాలేదు. ఇంకోసారి ఫొటో చూసి నవ్వుకుంది. ఒక మనిషి తన కోసం ఇంత పనికిమాలిన కష్టం పడటం ఆమెకు అంతవరకూ తెలియదు. అది బాగుంది. బాగుందని వదిలేస్తే మాత్రం ఆమె ఆరాధన కాదు.

శనివారం ఫోన్ చేసింది.

"జస్టిన్ గారూ, ఇక్కడ ఒకాయన దగ్గర ఫుల్ కిట్టు దొరికింది. మూతతో సహా. మీ కెమెరా రేపు తెచ్చి ఇచ్చేస్త."

అవతల నుంచి "మూతతో సహానా," అని నీరసంగా ఒక గొంతు వచ్చింది.

*

మూడో ఆదివారం ఆమె వచ్చేసరికి వసారా మంచం మీద దుప్పటి పరిచి ఉంది. దాని మీద బ్యాగు, స్పేర్ బ్యాటరీ, స్ట్రాపు, తుడిచే గుడ్డ, వానకు కప్పే కవరు, ఆఖరికి కొన్నప్పటి బిల్లు కూడా ఉంది. పెళ్ళివారికి సారె చూపించినట్టు సర్ది పెట్టాడు. పక్కన జస్టిన్ నిలబడి ఉన్నాడు, ఇస్త్రీ చొక్కాలో.

"అన్నీ దొరికినయండి. రాత్రంతా వెతికిన."

"ఎక్కడెక్కడ వెతికిన్రు?"

"అటక మీద. గడ్డివాములో. పక్కింటి గంగక్క వాళ్ళింట్ల కూడా."

ఆరాధన ఫోన్ తీసి ఫొటో చూపించింది. మేకు, బ్యాగు, స్టాండు, కొబ్బరిపీచు కుదురు. జస్టిన్ చూశాడు. చెవుల చివర్లు ఎర్రబడ్డాయి. ఆరోగ్యమ్మ కూడా మెడ సాచి చూసి, "నా కుదురే," అంది తృప్తిగా. "నే చెప్పలే?"

"మరి ఆ ఫుల్ కిట్టు..." అన్నాడు జస్టిన్ మెల్లగా.

"ఏ కిట్టు లేదు. మీరొక్కరేనా వేషాలు వేసేది?"

అతని మొహంలోకి ప్రాణం తిరిగి రావడం ఆమె కళ్ళారా చూసింది. దుప్పటి మీద సామాను మీదికి చూపు మళ్ళించింది. అందులో లెన్సు మూత లేదని గమనించింది. గమనించి, ఆ సంగతి ఎత్తకుండా లోపలే దాచుకుంది.

"సరే, ప్లేటు తెండి. ఎల్లుండే పెళ్ళి."

"అది సేఫ్‌గా ఉంది. మేకుల డబ్బాలో పెట్టిన," అని జస్టిన్ హుషారుగా లోపలికి వెళ్ళాడు. వెళ్ళినంత హుషారుగా తిరిగి రాలేదు. చేతిలో డబ్బా ఉంది. డబ్బా ఖాళీగా ఉంది.

"నాయనమ్మా, ఇండ్ల ఉన్న సామాను ఏది?"

"ఏదంటే? హాతీరాం రాలే పొద్దున? తుప్పు పట్టిన మేకులు ఎందుకని ఇచ్చిన. ఇంత ఉల్లిగడ్డలు పోసిండు చూడు. మంచి గడ్డలు."

హాతీరాం మోపెడ్ మీద ఊరూరా తిరుగుతాడు. పాత ఇనుము తీసుకుని ఉల్లిగడ్డలు ఇస్తాడు.

అప్పటిదాకా నవ్విన ఆరాధన మొహం మారిపోయింది. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే జస్టిన్‌కు కొంత నయంగా ఉండేది.

"మీకు ఇది ఆట. నాకు కాదు. రెండేళ్ళు కొంగులు సర్దిన నేను. ఒక్క పెళ్ళి, నా పేరు మీద ఒక్క పెళ్ళి వచ్చింది. ఫ్లాష్ లేకుండా, గంట సేపు ఇంత బరువు చేతుల్తో పట్టుకుంటే ఒక్కటి కూడా షార్ప్‌గా రాదు. ఎల్లుండి భాను అన్న కెమెరా తీస్తడు. నేను మళ్ళీ కొంగు దగ్గర నిలబడత."

జస్టిన్ తలవంచుకున్నాడు. "తప్పు నాది," అన్నాడు. బండి తాళాలు తీశాడు. బండి స్టార్టు కాలేదు. నాలుగు తన్నులు తన్నాక ఆరాధనే స్కూటీ తిప్పి, "ఎక్కండి," అంది. "నడిపేది నేనే."

హాతీరాం అడవి వైపు పోయాడని గంగక్క చెప్పింది. పామాయిల్ తోటలు అయిపోయి టేకు చెట్లు మొదలయ్యేసరికి మబ్బు కమ్మింది. తర్వాతి ఊళ్ళో ఇప్పుడే పోయాడన్నారు. ఆ తర్వాతి ఊళ్ళో ఒకామె ఆకు దొప్పలు కుడుతూ తల ఎత్తకుండానే ముందుకు చెయ్యి చూపించింది. అప్పుడే వాన దిగింది. చినుకు అడుగుతూ రాలేదు, ఒక్కసారి మీద పడింది.

"బ్రేకు పట్టు, గుంత ఉంది," అని జస్టిన్ వెనకనుంచి అరిచాడు.

"నాకు కనబడుతుంది, నువ్వు నోరు ముయ్యి."

ఇద్దరూ ఒకేసారి 'మీరు' వదిలేశారని ఇద్దరూ గమనించారు. ఇద్దరూ గమనించనట్టే ఊరుకున్నారు.

మలుపులో ఒక టీకొట్టు. దాని ముందు టార్పాలిన్ కింద మోపెడ్. మోపెడ్ పక్కన హాతీరాం టీ ఊదుకుంటున్నాడు. ఇద్దరూ తడిసిన కోళ్ళలా వెళ్ళి ఇనుము బస్తా మీద పడ్డారు. మేకులు, గొళ్ళాలు, విరిగిన కొడవలి, నాగలి కర్రు. ప్లేటు లేదు. ఆరాధన బస్తా అడుగుదాకా చెయ్యి పెట్టి, అలాగే ఆగిపోయింది. కళ్ళలో నీళ్ళు వాన నీళ్ళో కావో తెలియకుండా మొహం అటు తిప్పుకుంది.

జస్టిన్ ఆమెను చూడలేక పైకి చూశాడు. పైన టార్పాలిన్ కర్రకు హాతీరాం తక్కెడ వేలాడుతోంది. ఒక పళ్ళెం తేలిపోతుందని దాని గొలుసుకు పాసంగంగా ఏదో కట్టి ఉంది. చిన్నది, చదరపుది, నల్లగా మెరిసేది.

"అదే," అన్నాడు. "హాతీరాం, అది ఇయ్యి."

"అదెట్ల ఇస్తనయ్యా," అన్నాడు హాతీరాం తాపీగా. "ఇన్నేళ్ళకు నా తక్కెడ సరిగ్గ నిలబడ్డది. అది తీస్తే మళ్ళ జనం నన్ను దొంగ అంటరు. దాని బరువుకు సరిపోను ఇంకోటి ఇయ్యి, తీస్కపో."

పాసంగం కోసం వేట మొదలైంది. ఆరాధన జడ క్లిప్పు చాలలేదు. జస్టిన్ ఫోను కడితే తక్కెడ నేలకు ఒరిగింది. టీకొట్టు ఆమె ఇచ్చిన గరిటె కూడా ఎక్కువైంది. చివరికి జస్టిన్ జేబులోంచి తాళాల గుత్తి తీసి, ఇత్తడి పిట్టను విడదీసి గొలుసుకు కట్టాడు. తక్కెడ రెండు ఊపులు ఊగి నిలబడింది. ముల్లు నిటారుగా ఆగింది.

హాతీరాం పిట్టను తట్టి చూసుకుని, "ఇది ఇంకా ముద్దుగుంది," అని ప్లేటు విప్పి ఇచ్చాడు.

ఆరాధన ప్లేటును గుప్పిట్లో పెట్టుకుంది. వాన రేకు మీద డప్పులు కొడుతోంది. ఇద్దరూ టీ గ్లాసులు పట్టుకుని టార్పాలిన్ అంచున నిలబడ్డారు.

"పిట్ట పోయిందే," అంది.

"పోనీ. దాని వెంట తిరిగే తీరిక లేదు ఇప్పుడు." గ్లాసులోకి చూస్తూ అన్నాడు. "చూడు ఆరాధనా, దాచడం తప్పే. కానీ మొదటి రోజే అన్నీ ఇచ్చేస్తే నువ్వు మళ్ళీ రావు గదా. నాకు నువ్వు మళ్ళీ రావాలె. ఎన్ని ఆదివారాలంటే అన్ని రావాలె. నువ్వంటే ఇష్టం నాకు. గిట్ల చెప్పడం రాక హుడ్డు కుండ కింద పెట్టిన."

ఆరాధనకు తనకూ అలాగే ఉందని చెప్పెయ్యాలనిపించింది. కానీ మూడు ఆదివారాలు తిప్పించినవాడికి అప్పుడే అంత సుఖం ఇవ్వబుద్ధి కాలేదు.

"ఎల్లుండి పొద్దున కల్లూరు రా. స్టాండు మొయ్యాలె, పూలకుండీలు దాటకుండ నా పక్కన నిలబడాలె, నోరు మెదపొద్దు. పని చూసి చెప్త."

"జీతం?"

"పలావు."

*

మంగళవారం గుడి కిటికీల్లోంచి వచ్చే వెలుతురు తప్ప ఏ దీపమూ వెలిగించనివ్వలేదు ఫాదర్ గారు. పూలకుండీలు తమ స్థానంలో ఉన్నాయి. వాటి వెనక స్టాండు, స్టాండు మీద ప్లేటు, ప్లేటు మీద లెన్సు. జస్టిన్ మూడు కాళ్ళలో ఒకదాన్ని పట్టుకుని నాలుగో కాలులా కదలకుండా నిలబడ్డాడు. వెనక బెంచీలో భాను తన బ్యాగు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు, అవసరపడితే లేద్దామని.

పెళ్ళికొడుకు తొడుగుతుంటే ఉంగరం రెండుసార్లు వేలి కణుపు దగ్గరే ఆగింది. స్టెల్లా పెదవి కొరుక్కుని నవ్వింది, వెనక వాళ్ళ నాన్న కండువాతో కళ్ళు ఒత్తుకున్నాడు. ముగ్గురూ ఒకే ఫొటోలో పడ్డారు. అంత దూరం నుంచి, ఆయన కంటి తడితో సహా.

పూజ అయ్యాక భాను వచ్చి స్క్రీన్ మీద ఆ ఫొటో చూశాడు. చాలాసేపు చూశాడు. బ్యాగు భుజానికి వేసుకుని, "ఆల్బం మీద స్పెల్లింగు కరెక్టుగా వేయించుకో," అని పలావు వైపు నడిచాడు. ఆరాధన ఆ ఫొటోను ఇంకోసారి చూసుకుంది. పక్కకు చూస్తే జస్టిన్ తనకన్నా ఎక్కువ మురిసిపోతూ కనిపించాడు. ఇంక చెప్పెయ్యాలి అనుకుంది.

ఆమెకన్నా ముందు ఇంకొకరు చెప్పేశారు. మనవడి వెంట పట్టుచీర కట్టుకుని వచ్చిన ఆరోగ్యమ్మ, గుడి మెట్ల దగ్గర ఫాదర్ గారిని పట్టుకుంది. పక్కనే ఆరాధన నాన్న ఇన్నయ్య ఉన్నాడు. ఆయన ఆర్టీసీ డ్రైవరు. మూడు వారాలుగా కూతురి స్కూటీ మీటరు చూసి ఏమీ అనకుండా ఊరుకున్నవాడు.

"ఫాదర్, పెళ్ళికి మూడు చాటింపులైతే చాలు గద?"

"చాలు పెద్దమ్మా. ఎందుకు?"

"ఈ పిల్ల మూడు ఆదివారాలు మా ఇంటికొచ్చింది. పట్టపగలు, ఊరందరి ముందర వచ్చింది. మా వాడు వాకిట్ల నిలబడి ఎదురుచూసుడు గూడ అందరు చూసిండ్రు. ఒక్కళ్ళు అడ్డం చెప్పలే. ఇంక మీరు చదివేదేముంది?"

ఇన్నయ్యకు పొలమారింది. జస్టిన్ స్టాండు వెనక దాక్కోవాలని చూశాడు, కానీ అది దాచేంత లావు లేదు. ఫాదర్ గారు నవ్వి, "గట్ల చెల్లదమ్మా, గుళ్ళో చదవాలె," అన్నారు. ఇన్నయ్య వైపు చూశారు. ఆయన పిల్లవాణ్ణి తలనుంచి కాళ్ళ దాకా చూసి, "మా అమ్మాయి ఏమంటదో అదే, ఫాదర్," అన్నాడు.

"మరి అభ్యంతరం ఉన్నవాళ్ళు ఉంటే ఇప్పుడే చెప్పొచ్చు," అన్నారు ఫాదర్ గారు, అలవాటైన గొంతుతో.

ఆరాధన చెయ్యెత్తింది. "నాకుంది ఫాదర్."

జస్టిన్ మొహం పాలిపోయింది. ఆరోగ్యమ్మ బుగ్గన వేలు పెట్టుకుంది.

"నేను కొన్న కిట్టు ఇంకా పూర్తి కాలే. లెన్సు మూత ఈయన దగ్గరే ఉంది. మొన్న అన్నీ పరిచి చూపించినప్పుడు అదొక్కటే లేదు. నేను చూసిన, అడగలే. ఎప్పుడిస్తడో చూద్దామని ఊకున్న."

అందరూ జస్టిన్ వైపు తిరిగారు. అతను ఇస్త్రీ చొక్కా జేబులో చెయ్యి పెట్టి, గుండ్రటి నల్ల మూత బయటికి తీశాడు.

"నాలుగో ఆదివారానికి ఆపిన," అన్నాడు చిన్న గొంతుతో.

ఆరాధన మూత తీసుకుని లెన్సుకు నొక్కింది. టక్కున పట్టుకుంది. ఆమె అతని వైపే చూస్తూ, "ఇంక నాకేం అభ్యంతరం లేదు ఫాదర్. ఆదివారం చదవండి," అంది.

ఇన్నాళ్ళూ లెన్సుకు కట్టి ఉన్న కర్చీఫు సంగతి ఎవరూ అడగలేదు. అది ఆరాధన బ్యాగులో అడుగున, మడతపెట్టి ఉంది. కిట్టులో లేని వస్తువు కాబట్టి దాన్ని తిరిగి ఇవ్వాల్సిన పని లేదని ఆమె అభిప్రాయం.